పడకగదిలో స్కర్టింగ్ ఊడిపోతోంది: గది మొత్తానికీ మార్చాలా, ఊడినంత మేర అతికిస్తే సరిపోతుందా?

డెల్టా వాసి (భీమవరం)

సభ్యులందరికీ నమస్కారం. భీమవరంలో మాది మేడ లేని సొంత ఇల్లు. 2003లో కట్టినప్పుడు మొజాయిక్ గచ్చు వేయించి, 2012లో దానిమీదే రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ పరిపించాము. అవే టైల్స్‌ను నాలుగంగుళాల పట్టీలుగా కోసి గోడ చుట్టూ స్కర్టింగ్ వేశారు. ఇప్పుడు 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న పడకగదిలో ఆ పట్టీలు ఒక్కొక్కటిగా ఊడి వస్తున్నాయి. ఉత్తరపు గోడకు అవతల స్నానాలగది ఉంది. అది నాలుగున్నర అంగుళాల గోడ. పడమటిది వీధివైపు ఉన్న తొమ్మిదంగుళాల గోడ. ఈ రెండింటి మీదా స్కర్టింగ్‌కు పైన అడుగు ఎత్తున రంగు పొంగి, తెల్లని పొడి రాలుతోంది. తూర్పు, దక్షిణపు గోడలు పొడిగానే కనిపిస్తున్నాయి గానీ వేలితో తడితే పట్టీలు గుల్లగా మోగుతున్నాయి.

ఆ డిజైను టైల్ ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. మేస్త్రిగారు అంతా కొట్టేసి నల్ల గ్రానైట్ వేద్దామంటున్నారు. దుకాణదారుడు పీవీసీ పట్టీలు చూపించి ఒక్క పూటలో అయిపోతుందంటున్నాడు. మాఘమాసంలో ఇంట్లో పెళ్లి ఉంది కాబట్టి ఆలోపు గది శుభ్రంగా కనిపించాలి. ఏది మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత మేస్త్రి (రాజమహేంద్రవరం)

నమస్కారమండీ. గ్రానైటా, పీవీసీయా అనే మాట కాసేపు పక్కన పెట్టి, ఊడివచ్చిన పట్టీని తిరగేసి దాని వీపు చూడండి. వీపు అద్దంలా శుభ్రంగా ఉండి, సిమెంటంతా గోడకే ఉండిపోతే, సిమెంటు టైల్‌ను పట్టుకోలేదని అర్థం. సిమెంటుతోపాటు తెల్లని పుట్టీ పొర కూడా టైల్ వెంట వచ్చేస్తే, అప్పట్లో పుట్టీ పెట్టిన గోడమీదే స్కర్టింగ్ అతికించారని అర్థం. ప్లాస్టరింగ్ ముక్కలు ముక్కలుగా ఊడి, చేత్తో నలిపితే ఇసుకలా రాలితే మాత్రం అది టైల్ పనివారి లోపం కాదు, గోడలో నీరు ఉంది.

విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపుగా పీల్చదు. దాని పీల్చుదల అరశాతం కంటే తక్కువ. పాతకాలపు ఎర్రమట్టి సిరామిక్ టైల్‌ను నానబెట్టి, సిమెంటు పాలు పూసి గోడకు అదిమితే, ఆ పాలు టైల్ రంధ్రాల్లోకి దిగి గట్టిగా పట్టుకునేవి. విట్రిఫైడ్ టైల్‌కు దిగడానికి దారే లేదు. నేలమీదైతే బరువు వల్ల కూర్చుని ఉంటుంది గానీ, నిలువు గోడమీద ఆ ఆసరా కూడా ఉండదు. 2010 ప్రాంతంలో మన జిల్లాల్లో వేసిన స్కర్టింగ్‌లలో చాలామటుకు ఇదే కథ.

నాలుగు గోడల నుంచీ ఒక్కొక్క పట్టీ తీసి చూసి, ఏ గోడది ఎలా ఉందో రాయండి.

ప్లింత్ బీమ్ (విజయవాడ, విశ్రాంత సివిల్ ఇంజనీరు)

మేస్త్రిగారు అడిగినదానికి మరొక పరీక్ష జోడిస్తాను. వంటింట్లో వాడే అల్యూమినియం రేకును జానెడు చదరం ముక్కలుగా కత్తిరించి, రంగు గీకేసిన గోడమీద నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు వదిలేయండి. ఒకటి నేలకు జానెడు ఎత్తున, మరొకటి ఛాతీ ఎత్తున పెట్టాలి. తీసి చూసినప్పుడు గోడవైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. గదివైపు తడి ఉంటే అది గాలిలోని తేమ చల్లని గోడమీద పేరుకున్నది. కింది రేకు తడిసి పై రేకు పొడిగా ఉంటే, నేలలోంచి నీరు పైకి ఎక్కుతోందని అనుమానించవచ్చు.

ఇక తెల్లని పొడి సంగతి. ఇటుకలోను, ఇసుకలోను, నేలలోను ఉన్న లవణాలు నీటిలో కరిగి గోడ ఉపరితలానికి వస్తాయి. నీరు ఆవిరైపోగానే లవణం స్ఫటికంగా మిగిలి, ఉబ్బి, ప్లాస్టరింగ్‌ను లోపలినుంచి పిండి చేస్తుంది. కాబట్టి ఆ పొడిని నీళ్లతో కడగకూడదు. కడిగితే మళ్లీ కరిగి గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేయాలి.

మీ వీధి రోడ్డు మట్టం గురించి కూడా ఒక ప్రశ్న. ఇల్లు కట్టిన తరువాత ఎన్నిసార్లు రోడ్డు వేశారు? ఇప్పుడు మీ గది నేల వీధి కంటే ఎంత ఎత్తులో ఉంది?

నిజాంపేట నివాసి (హైదరాబాదు)

మా అపార్టుమెంటులో మేము అయిదో అంతస్తులో ఉంటాము కాబట్టి నేలనుంచి నెమ్ము ఎక్కే ప్రశ్నే లేదు, అయినా హాల్లో స్కర్టింగ్ ఊడింది. మేస్త్రిగారు చెప్పిన రెండో రకం మాది: పట్టీ వెనకాల పుట్టీ పొర మొత్తం అంటుకుని వచ్చింది. బిల్డరు హడావిడిలో ముందు పుట్టీ పెట్టించి, ఆ తరువాత టైల్స్ వేయించి ఉంటాడు.

మేము పీవీసీ పట్టీలు వేసుకుని తృప్తిగానే ఉన్నాము. ధూళి లేదు, గోడ కొట్టే పని లేదు, మూలలకు అచ్చుపోసిన ముక్కలు విడిగా దొరుకుతాయి, వెనక ఉన్న గాడిలోంచి ఇంటర్నెట్ తీగ కూడా లాగించుకున్నాము. ఇంట్లో మనుషులు ఉండగానే పని చేయించుకోవలసిన వారికి ఇంతకంటే సుఖమైన మార్గం నాకు కనిపించలేదు.

గుంటూరు ఇల్లాలు

పీవీసీ గురించి ఇల్లు తుడిచేవారి వైపునుంచి కూడా ఒక మాట వినాలి. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాము, పండగలకు బకెట్లతో నీళ్లు పోసి కడుగుతాము. స్కర్టింగ్ అన్నది గోడకు అందం కోసం వచ్చింది కాదు. ఆ నీరూ చీపురూ గోడ సున్నాన్ని తాకకుండా ఉండటానికి వచ్చింది. పీవీసీ పట్టీ నీటికి పాడవదు, నిజమే. కానీ పట్టీకీ నేలకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా నీరు వెనక్కి పోతుంది, పోయినది ఆరదు. మా పిన్నిగారి ఇంట్లో పట్టీ వెనక ఉన్న డొల్లలో చీమలూ బొద్దింకలూ కాపురం పెట్టాయి.

మంచం కోళ్లూ బీరువా మూలలూ తగిలే చోట పీవీసీ సొట్ట పడుతుంది, టైల్ పడదు. వంటింటికీ, దేవుడి గదికీ, రోజూ కడిగే వరండాకీ మాత్రం టైల్ గానీ రాయి గానీ తప్ప నేను ఒప్పుకోను. మిగతా గదుల సంగతి ఎవరి వీలు వారిది.

వడ్రంగం సరదా (డాలస్, టెక్సస్)

నేను ఉండేది అమెరికాలో కాబట్టి మా పద్ధతి వేరు. అక్కడి సమస్యకు ఇది నేరుగా పనికిరాదని ముందే మనవి చేస్తున్నాను. ఇక్కడి ఇళ్లకు ఇటుక గోడలు కాక, కొయ్య నిలువుల మీద జిప్సం పలకలు కొట్టిన గోడలు ఉంటాయి. నేలకూ గోడకూ మధ్య సందు దాచడానికి పైన్ కర్రతో గానీ, కొయ్యపొడిని అదిమి చేసిన ఎండీఎఫ్‌తో గానీ చేసిన బేస్‌బోర్డు కొడతారు. నిలువులు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. వాటిని వెదికి పట్టుకుని అక్కడే మేకు కొట్టాలి, ఉత్త జిప్సం పలకకు కొడితే నిలవదు. పాతది పీకేముందు పై అంచు వెంట రంగునూ సీలెంటునూ చాకుతో కోయకపోతే గోడ కాగితం చిరిగి వస్తుంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి గీకేముందు పరీక్ష చేయించాలి.

ఇక్కడినుంచి అక్కడికి పనికొచ్చే సంగతులు రెండు కనిపిస్తున్నాయి. లోపలి మూలలో రెండు పట్టీలనూ 45 డిగ్రీలకు కోసి కలిపితే, గోడ మూలమట్టానికి లేని చోట సందు నోరు తెరుస్తుంది. అందుకని ఒకదాన్ని తిన్నగా మూలకు ఆనించి, రెండోదాని కొసను మొదటిదాని ఆకారానికి చెక్కి ఆనిస్తాము. మీ పీవీసీ పట్టీలకూ ఇది వర్తిస్తుంది. రెండోది, ఇండియాలో ఈమధ్య ఇంటీరియర్ పనివారు ఎండీఎఫ్ స్కర్టింగ్ అమ్ముతున్నారని విన్నాను. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో దానిని కొనవద్దు. కింది అంచు నీరు తాగి ఉబ్బితే మళ్లీ యథాస్థితికి రాదు.

డెల్టా వాసి (భీమవరం)

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చేసి చూశాను. తూర్పు, దక్షిణపు గోడల పట్టీల వెనక పుట్టీ పొర ఉంది. రేకులు పొడిగా ఉన్నాయి. ఉత్తరపు గోడమీద రేకులు రెండూ గోడవైపు తడిశాయి. పడమటి గోడమీద కింది రేకు తడిసింది, పైది పొడిగా ఉంది. అక్కడ ప్లాస్టరింగ్ వేలితో గీకితే రాలుతోంది.

రోడ్డు సంగతి అడిగారు. ఇల్లు కట్టినప్పుడు వీధి నుంచి వరండాకు మూడు మెట్లు ఎక్కేవాళ్లం, ఇప్పుడు ఒకటే మెట్టు మిగిలింది. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దానిమీదే వేస్తూ వచ్చారు. పడమటి గోడకు ఆనుకుని మేము కూడా మట్టి నింపి గచ్చు చేయించాము.

ప్లింత్ బీమ్ (విజయవాడ, విశ్రాంత సివిల్ ఇంజనీరు)

అయితే మీ గదిలో ఒకే జబ్బు కాదు, మూడు ఉన్నాయి. పైకి మూడూ ఒకేలా, పట్టీ ఊడటంగానే కనిపిస్తున్నాయి. మొత్తం కొట్టేసి ఒకే వస్తువు వేస్తే తూర్పు, దక్షిణాల్లో నిలుస్తుంది. మిగతా రెండు గోడల మీద గ్రానైట్ అయినా, పీవీసీ అయినా, మరేదైనా మళ్లీ ఊడుతుంది.

పడమటి గోడతో మొదలుపెడతాను, ఎందుకంటే కోస్తా పట్టణాల్లో ఈ సమస్య ఇంటింటా ఉంది. పునాది గోడమీద, ప్లింత్ (ఇంటి అరుగు) మట్టంలో, నేల నీరు పైకి ఎక్కకుండా డీపీసీ అనే పొర వేస్తారు. ఆ పొర బయటి నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్లింత్‌నే చుట్టుపక్కల నేలకంటే కనీసం 450 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచమంటుంది. మీరు కట్టినప్పుడు అలాగే కట్టి ఉంటారు. కానీ రోడ్డు పెరిగి, దానికి సరిపోయేలా మీరు మట్టి నింపేసరికి, ఆ మట్టి డీపీసీని దాటి పైనున్న ఇటుకకు నేరుగా తగులుతోంది. డీపీసీ ఉండి కూడా లేనట్టే అయింది. డెల్టాలో భూగర్భజలం అసలే పైన ఉంటుంది, కాలువలకు నీరు వదిలినప్పుడు ఇంకా పైకి వస్తుంది.

కాబట్టి పని బయటినుంచి మొదలుకావాలి. గోడకు ఆనుకుని ఉన్న గచ్చు పగలగొట్టి, అడుగు వెడల్పున డీపీసీ కిందివరకు మట్టి తీసి, కంకర నింపి, నీరు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టించండి. రోడ్డు మట్టం వల్ల అది సాధ్యం కాకపోతే, గోడ అడుగున ఇటుక వరుసల మధ్య సిమెంటు సందులో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు సుమారు 120 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున చేసి, నీటిని అడ్డుకునే సిలేన్ రకపు క్రీము ఎక్కించే పద్ధతి ఉంది. అది తెలిసినవారి చేతే చేయించాలి. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు పూసి ఊరుకోవద్దు. దారి మూసుకుపోయిన నీరు ఇంకో అడుగు పైకి ఎక్కి అక్కడ బయటపడుతుంది.

ఉత్తరపు గోడకు నేల నీటితో పని లేకపోవచ్చు. ఛాతీ ఎత్తున కూడా తడి ఉందంటే, స్నానాలగది గోడ టైల్స్ మధ్య సందులు గానీ, గోడలోని కుళాయి పైపు గానీ కారుతున్నట్టు. ముందుగా కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు ఉంటే అది తిరుగుతోందేమో చూడండి. తరువాత నేలమీది నీరు బయటికి పోయే నహానీ ట్రాప్‌ను గుడ్డతో బిగించి, నేలమీద రెండంగుళాల నీరు నిలబెట్టి, ఒక రోజంతా ఉంచి మట్టం తగ్గుతోందేమో గుర్తు పెట్టుకోండి. నేల నిలిచి, షవర్ వాడినప్పుడే తడి పెరిగితే లోపం గోడ సందుల్లో ఉంది.

కడియం తాపీ

పెద్దలు అన్యథా భావించకపోతే ఒక మాట. సిమెంటుకు బదులు టైల్స్ అంటించడానికి వాడే ఈ గమ్ములూ, ఈ క్రీములూ రాకముందు మా తాతలు సిమెంటు పాలతోనే పట్టీలు అంటించారు, ఆ ఇళ్లలో ఇప్పటికీ సుత్తితో కొట్టినా రావు. ఇసుక జల్లించి, సిమెంటు సరిగ్గా కలిపి, గోడను రాత్రే తడిపి ఉంచి, తరువాత వారం రోజులు నీళ్లు పడితే సిమెంటు దేన్నైనా పట్టుకుంటుంది. ఈ రోజుల్లో నీళ్లు పట్టే ఓపిక ఎవరికీ లేక సంచి గమ్ము కొంటున్నారు.

పాత మేస్త్రి (రాజమహేంద్రవరం)

కడియం వారూ, మీ తాతగారు అంటించినది బేతంచెర్ల రాయో, తాండూరు రాయో, కడప నల్లరాయో, లేదా ఎర్రమట్టి టైలో అయి ఉంటుంది. వాటి వీపు గరుగ్గా ఉంటుంది, నీరు పీలుస్తుంది, సిమెంటు పట్టుకుంటుంది. ఆ రాళ్ల విషయంలో మీ మాటకు నేను ఎదురు చెప్పను. వాటికి ఇప్పటికీ నేను సిమెంటే వాడతాను. విట్రిఫైడ్ దగ్గర మాత్రం ఓపికతో నెల రోజులు నీళ్లు పట్టినా ఫలితం ఉండదు, ఎందుకంటే లోపం నీళ్లలో లేదు, టైల్ వీపులో ఉంది. టైల్ గమ్ముకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15477 ఉంది, అందులో అయిదు రకాలున్నాయి. సంచి మీద ఆ సంఖ్య చూసి, గోడమీద విట్రిఫైడ్‌కు టైప్ 2 లేదా అంతకు పైది తీసుకుంటే చాలు. ఒక గదికి ఒక సంచి కూడా పూర్తిగా ఖర్చు కాదు.

డెల్టా వాసిగారూ, ఇక తూర్పు, దక్షిణపు గోడలు ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు. పాత పట్టీలు తీసేటప్పుడు ముందుగా పై అంచు వెంట రంగును చాకుతో కోయించండి, లేకపోతే పట్టీతోపాటు గోడరంగు జానెడు మేర లేచి వస్తుంది. నేల టైల్స్ మీద పాత దుప్పటి, దానిమీద అట్టపెట్టె ముక్కలు పరిపించండి. సుత్తి జారి నేల టైల్ పగిలితే ఆ డిజైను మళ్లీ దొరకదు కదా. గుమ్మం దగ్గరి చివరి పట్టీతో మొదలుపెట్టి, వెడల్పు ఉలిని పట్టీకీ గోడకూ మధ్య పెట్టి మెల్లగా తట్టాలి, నేలవైపు మీటి ఎత్తకూడదు. గుల్లగా ఉన్నవి చాలావరకు పగలకుండానే వస్తాయి. వాటి వీపు గీకి శుభ్రం చేస్తే అవే మళ్లీ వాడుకోవచ్చు. డిజైను వెదికే శ్రమ తప్పుతుంది. ప్లగ్ పాయింట్ల దగ్గర పైపు స్కర్టింగ్ వెనకనుంచే వెళ్లి ఉండవచ్చు కాబట్టి ఆ గది ఎంసీబీ (కరెంటు ఆపే మీట) దించి పని మొదలుపెట్టించండి.

గోడమీద పుట్టీ ఒక్క మచ్చ కూడా మిగలకుండా ప్లాస్టరింగ్ కనిపించేవరకు గీకాలి. గమ్మును గోడకు పళ్ల కరణితో పూసి, టైల్ వీపుకు కూడా పలుచగా పట్టించాలి. ఒకేసారి గోడ పొడవునా పూస్తే పైన తొక్క కట్టి పట్టు పోతుంది; రెండు మూడు పట్టీలకు సరిపడా మాత్రమే పూయమనండి. పైన దారం కట్టి, నేలకూ పట్టీకీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉంచి, స్కర్టింగ్ జాయింటు నేల జాయింటుకు ఎదురుగా వచ్చేలా పెట్టిస్తే చూడటానికి ఆ గది వేరుగా ఉంటుంది. పాత ఇళ్లలో నేల గుమ్మంవైపు కొంచెం వాలి ఉంటుంది. అలాంటి చోట రసమట్టానికి పట్టుపట్టకుండా, పై అంచు నేల వెంటే పోయేలా పెట్టడం మంచిది. లేకపోతే కింది సందు ఒక కొసన కనబడకుండా, ఇంకో కొసన వేలు దూరేంత వెడల్పుగా తేలుతుంది.

నిజాంపేట నివాసి (హైదరాబాదు)

మేస్త్రిగారూ, ఒకవేళ పాత పట్టీలు పగిలిపోతే కొత్త టైల్ ఎంత కొనాలో కూడా చెప్పండి. దుకాణాల్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

పాత మేస్త్రి (రాజమహేంద్రవరం)

లెక్క సులువేనండీ. 12, 11 అడుగుల గది చుట్టుకొలత 46 అడుగులు. మూడడుగుల గుమ్మం తీసేస్తే 43. విరుగుడుకు పదోవంతు కలిపితే 47 దాటుతుంది. 600 మిల్లీమీటర్ల టైల్‌ను ఆరు పట్టీలుగా కోస్తారు. బ్లేడు తినేది పోగా ఒక్కొక్కటి 98 మిల్లీమీటర్లకు దగ్గరగా వస్తుంది, అంటే మనం నాలుగంగుళాలు అనుకునేది నిజానికి కొంచెం తక్కువ. టైల్‌కు 12 అడుగులు, పెట్టెకు నాలుగు టైల్స్, మొత్తం 48 అడుగులు. గది ఒక్క పెట్టెతో సరిగ్గా సరిపోతుంది గానీ రెండు పెట్టెలు తీసుకోండి, పెట్టె మీది షేడు నంబరూ బ్యాచి నంబరూ ఒకటేనని చూసుకోండి. మిగిలినది అటక మీద దాచుకుంటే పదేళ్ల తరువాత ఇలా ఊరంతా తిరగనక్కరలేదు.

కూలి విషయంలో, పెద్ద పనికి రన్నింగ్ అడుగు లెక్కన మాట్లాడతారు గానీ, ఒక్క గదికి ఆ లెక్కన ఎవరూ రారు. రోజు కూలికే మాట్లాడుకోండి. కోత మాత్రం బయట వాకిట్లో, బ్లేడుకు నీళ్లు పోస్తూ చేయమనండి. పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, కోసేవాళ్లు మాస్కూ కళ్లద్దాలూ పెట్టుకోవాలి.

పసుపు దుంప (నిజామాబాదు)

పట్టీలు తీసి ఉన్నప్పుడే చేయించుకోవలసిన పని ఇంకొకటి ఉంది: చెదల మందు. కట్టిన ఇంటికి చెదల మందు ఎలా కొట్టాలో ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. నేలా గోడా కలిసే మూల వెంట సుమారు అడుగుకు ఒక రంధ్రం చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, ఒక్కొక్క దానిలో లీటరు వరకు మందు పట్టినంత పోసి, సిమెంటుతో మూసేస్తారు. టైల్స్ వేసిన తరువాత అయితే ఆ రంధ్రాల మచ్చలు కనిపిస్తూ ఉంటాయి. పట్టీలు లేనప్పుడు గోడ అడుగునే రంధ్రం చేస్తే పట్టీ వెనక మచ్చ మరుగున పడుతుంది. మా ఇంట్లో టేకు దర్వాజాలకు చెదలు పట్టాక ఈ సంగతి తెలిసింది. మందు కొట్టిన రోజు పిల్లలనూ పెంపుడు జంతువులనూ ఆ గదిలోకి రానివ్వకండి.

డెల్టా వాసి (భీమవరం)

ఎంతో వివరంగా చెప్పారు. స్నానాలగది పరీక్షలో నేలమీద నీరు తగ్గలేదు. షవర్ వాడినప్పుడే అవతల తడి పెరుగుతోంది. సందులు గీకించి ఎపాక్సీతో నింపించడానికి పనివారిని మాట్లాడాను. పడమటివైపు గచ్చు పగలగొట్టడం మొదలైంది. తూర్పు, దక్షిణాల పట్టీలు చాలావరకు పగలకుండా వచ్చాయి.

ఇప్పుడు రెండు సందేహాలు. అమ్మాయికి పట్టీలు గోడకు సమంగా, బయటికి పొడుచుకురాకుండా ఉండాలని కోరిక, అది సాధ్యమేనా? రెండోది, గోడ ఆరేవరకు పడమటివైపు స్కర్టింగ్ వేయకూడదంటే పెళ్లినాటికి ఆ గోడ మొండిగా ఉండిపోతుంది కదా?

ప్లింత్ బీమ్ (విజయవాడ, విశ్రాంత సివిల్ ఇంజనీరు)

సమంగా పెట్టడం కొత్త ఇంట్లో బాగుంటుంది, ముందే అనుకుని ప్లాస్టరింగ్ అక్కడ ఆపేస్తారు. మీ ఇంట్లో లోపలి ప్లాస్టరింగ్ సాధారణంగా ఉండే 12 మిల్లీమీటర్లే అయితే, దానిలో ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్ల టైల్, మూడు మిల్లీమీటర్ల గమ్ము ఇమడాలంటే ఇటుక కనిపించేవరకు చెక్కాలి. నాలుగున్నర అంగుళాల గోడను అలా గ్రైండరుతో కోసి ఉలితో కొట్టడం నాకు ఇష్టం లేదు. అవతలివైపు స్నానాలగది టైల్స్ కదులుతాయి. గ్రానైట్ అయితే 16 నుంచి 18 మిల్లీమీటర్ల మందం కాబట్టి అసలు కుదరదు. పొడుచుకువచ్చినా పై అంచును కొంచెం ఏటవాలుగా పాలిష్ చేయిస్తే దుమ్ము నిలవదు, కంటికీ ఇబ్బందిగా ఉండదు. అమ్మాయిగారికి నచ్చజెప్పండి.

పడమటి గోడకు, చెడిన ప్లాస్టరింగ్‌ను తడి కనిపించినదానికి ఒక అడుగు పైవరకు కొట్టించి, లవణం దులిపించి, కిటికీలు తెరిచి ఫ్యాను వేసి వదిలేయండి. తొమ్మిదంగుళాల గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది, పెళ్లి ముహూర్తం దానికి తెలియదు. అప్పటికి సన్నని కొత్త ప్లాస్టరింగ్ చేయించి, సున్నం గానీ, గాలి ఆడే మామూలు డిస్టెంపర్ గానీ వేయించండి. అడుగున నిజాంపేట వారు చెప్పిన పీవీసీ పట్టీని గమ్ము లేకుండా, ప్లగ్గులూ మరలతో మాత్రమే బిగించి, పై అంచున సీలెంటు పూయకుండా ఉంచండి. వెనక గాలి ఆడుతుంది, చుట్టాలకు మొండిగోడ కనిపించదు. ఒక వానాకాలం గడిచాక మరలు విప్పి మళ్లీ రేకు పరీక్ష చేసి, పొడిగా ఉంటే అప్పుడు టైల్ వేసుకోండి.

గుంటూరు ఇల్లాలు

ఆ పీవీసీ పట్టీ ఉన్నన్నాళ్లూ పడమటివైపు తడిగుడ్డ బాగా పిండి పెట్టించండి, బకెట్‌తో నీళ్లు మాత్రం పోయనివ్వకండి. మంచం అటువైపు జరపవద్దు. పెళ్లిపనుల్లో ఇలాంటివి ఎవరికీ గుర్తుండవు కాబట్టి పనిమనిషికి ముందే చెప్పి ఉంచండి.

డెల్టా వాసి (భీమవరం)

అలాగే చేస్తాను. అమ్మాయి పాలిష్ అంచుకు ఒప్పుకుంది. తూర్పు, దక్షిణాల పాత పట్టీలనే గమ్ముతో మళ్లీ పెట్టించాము, పగిలిన చోట్లు మంచం వెనక వచ్చేలా సర్దాము. తట్టి చూస్తే ఎక్కడా గుల్లగా లేదు. ఉత్తరపు గోడకు చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్కలు చవకగా దొరికాయి గానీ, ఒక్క గోడకే వేరే రాయి ఎబ్బెట్టుగా ఉంటుందని మానేసి, రంగు దగ్గరగా ఉన్న టైల్ తీసుకున్నాను. గోడ ఆరాక వేయిస్తాను. ఒక్క ప్రశ్న మిగిలింది: పట్టీ పై అంచుకూ గోడకూ మధ్య సందును తెల్ల సిమెంటుతో నింపమని పనివాడు అంటున్నాడు. రంగు ముందా, అది ముందా?

పాత మేస్త్రి (రాజమహేంద్రవరం)

తెల్ల సిమెంటు పలుచగా పెడితే కొన్నాళ్లకు వెంట్రుకలా చీలి దుమ్ము పట్టి నల్లని గీత తేలుతుంది. పై సందుకు రంగు వేయడానికి వీలున్న యాక్రిలిక్ సీలెంటు పెట్టించండి. సిలికాన్ వద్దు, దానిమీద రంగు నిలవదు. కింద నేలవైపు సందుకు మాత్రం టైల్ రంగు గ్రౌటు. ముందు గోడకు ప్రైమరూ మొదటి పూత రంగూ, తరువాత పై సందులో సీలెంటు, అది ఆరాక పట్టీ అంచుకు టేపు అంటించి చివరి పూత వేయించండి. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపు లాగేయమనండి.

గమ్ము పెట్టి ఒక రోజు దాటితే గ్రౌటు నింపుకోవచ్చు గానీ, మంచాలూ బీరువాలూ ఇంకో రెండు రోజులు ఆగి జరపండి.

పసుపు దుంప (నిజామాబాదు)

చెదల మందు కొట్టించారా, లేదా? ఉత్తరపు గోడ పట్టీలు ఇంకా వేయలేదు కాబట్టి ఆవైపైనా ఇప్పుడే చేయించుకోండి.

డెల్టా వాసి (భీమవరం)

తూర్పు, దక్షిణాల్లో పట్టీలు పెట్టకముందే కొట్టించాము. ఉత్తరపు గోడకు సందుల పని అయ్యాక చేయిస్తాము, పడమటివైపు బయట తవ్విన కందకంలో కూడా పోయమని చెప్పాను. గ్రౌటుకు బూడిదరంగు తీసుకున్నాను.